తలుపు పక్కన కూర్చున్నవాళ్ళు

సుబ్బరాయుడు పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు పిల్లను చూడకముందు ఆ ఇంటి వెనక వాకిలి చూశాడు. గ్యాస్ బండ ఎక్కడ పెట్టారో, మిద్దె మెట్లు ఏ పక్కనున్నాయో కూడా చూసుకుని, ఆ తర్వాతే కాఫీ గ్లాసు అందుకున్నాడు. పిల్ల తండ్రి, పాపం, అబ్బాయి ఇంటికి వెల కడుతున్నాడేమో అనుకున్నాడట. ఈ సంగతి భాగ్యలక్ష్మి ముప్పై ఏడేళ్ళుగా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతూనే ఉంది. "మా ఆయన ముందు వాకిలి చూసినాడు, వెనక వాకిలి చూసినాడు, నన్ను మాత్రం ఆఖర్న చూసినాడు" అంటుంది. ఆయన వింటూ కూర్చుంటాడు. అబద్ధమైతే కదా ఖండించడానికి.

ఆయన చేసినవి రెండు ఉద్యోగాలు. జీతమిచ్చింది ఫైర్ సర్వీసు, పేరిచ్చింది డిటెక్టివ్ నవల. ఎనభై నాలుగులో ప్రొద్దుటూరు నుంచి ఒక రేకు పెట్టెతో వచ్చి తార్నాకకు దగ్గరి ఫైర్ స్టేషన్‌లో చేరాడు. ఆ ఉద్యోగం గురించి బయటివాళ్ళకు తెలియనిదేమిటంటే, అందులో మంటలు తక్కువ, ఎదురుచూపులు ఎక్కువ. యూనిఫాం వేసుకుని, బూట్లు పక్కన పెట్టుకుని, గంట ఎప్పుడు మోగుతుందా అని కూర్చోవాలి. మిగతావాళ్ళు క్యారమ్స్ ఆడేవాళ్ళు. సుబ్బరాయుడు పనికిరాని పాత ఫారాల వెనక వైపు నవలలు రాసేవాడు.

గంట మోగితే కలం ఎక్కడుంటే అక్కడ ఆగిపోవాలి. "డిటెక్టివ్ వామన్ మెల్లగా ఆ తలుపు తోసి" అన్నచోట ఆగి, మౌలాలిలో ఒక గోడౌన్ ఆర్పి, నాలుగు గంటల తర్వాత ఒళ్ళంతా పొగవాసనతో వచ్చి, "లోపలికి అడుగుపెట్టాడు" అని పూర్తి చేసిన రోజులున్నాయి. ఆ పాత కాగితాలు ఇప్పటికీ భాగ్యలక్ష్మి అటక మీద దాచింది. సిరా రంగు మారినచోటల్లా ఎక్కడో ఏదో తగలబడిందన్నమాట. చిత్రమేమిటంటే, అన్ని మంటలు చూసిన మనిషి తన పందొమ్మిది నవలల్లో ఒక్క అగ్గిపుల్ల కూడా వెలిగించలేదు.

ఆ రోజుల్లో నవల అంటే అద్దె పుస్తకం. తార్నాక చౌరస్తా దాటాక ఒక సందులో లక్ష్మయ్య షాపుండేది. గోడలకు నాలుగు వైపులా అట్టలు వేసిన పుస్తకాలు, మధ్యలో ఒక స్టూలు, దాని మీద లక్ష్మయ్య. సాయంత్రం అయిదు దాటితే క్యాంపస్ హాస్టళ్ళ నుంచి కుర్రాళ్ళు, రైల్వే క్వార్టర్ల నుంచి ఆడవాళ్ళు వచ్చి వరసలో నిలబడేవాళ్ళు. కొత్త నవల వచ్చిన వారం సుబ్బరాయుడు డ్యూటీ దిగి, ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో కూర్చుని, తన పుస్తకం ఎవరి చేతుల్లో వెళుతుందో చూస్తూ చాయ్ మీద చాయ్ తాగేవాడు. ఆ సుఖం ముందు ప్రమోషన్ కూడా దిగదుడుపే అనిపించేది.

ఆ సుఖంలో ఒక పెన్సిల్ పుల్ల పడింది. ఒకరోజు లక్ష్మయ్య పిలిచి, "సారూ, మీ బుక్కుల్ల ఎవరో పెన్సిల్ పెడుతున్నరు" అని చూపించాడు. నవల సగంలో, ఒక పాత్ర పేరు పక్కన చిన్న టిక్కు, దాని కింద ఒక అడ్డగీత. మాటల్లేవు. ఆ పేరు హంతకుడిదే. పోనీ చివరిదాకా చదివి, వెనక్కి వచ్చి పెట్టారనుకుందామా అంటే, మొదట ఇంకో పేరు పక్కన పెట్టి, చెరిపేసి, ఆ తర్వాత అసలువాడికి మార్చిన గుర్తులున్నాయి. చదువుతూ చదువుతూ పట్టుకున్నారన్నమాట, అదీ సగంలోనే.

తర్వాతి నవలకూ అంతే. ఆ తర్వాతిదానికీ అంతే. సుబ్బరాయుడు హంతకుణ్ణి పూజారిని చేశాడు, కుంటివాణ్ణి చేశాడు, ఒకసారి ఏకంగా పోలీసు ఇన్‌స్పెక్టర్నే చేశాడు. పెన్సిల్ వదల్లేదు. "ఈసారి గూడ దొరికిపోయినవ్ సారూ" అని లక్ష్మయ్య నవ్వేవాడు. ఎవరయ్యా అంటే మాత్రం చెప్పేవాడు కాదు. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో ఇంకొకరికి చెబితే షాపు మూసుకోవాల్సిందే అన్నది ఆయన నీతి. ఊళ్ళో హత్యలన్నీ కనిపెట్టే వామన్‌ను పుట్టించినవాడు తన పాఠకుణ్ణి కనిపెట్టలేకపోయాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ పెన్సిల్ తప్పు పేరు పక్కన పడాలి. సుబ్బరాయుడికి అదే కోరిక అయిపోయింది. అవార్డులు, సినిమాలు ఏవీ అడగలేదు ఆయన.

కోరిక తీరలేదు. జనం టీవీల ముందుకు వెళ్ళిపోయారు, నవలలు వేసేవాళ్ళు వేయడం మానేశారు. తొంభై ఎనిమిదిలో పందొమ్మిదోదానితో సుబ్బరాయుడు కలం మూశాడు. ఆ పందొమ్మిదోదాన్ని కూడా పెన్సిల్ పట్టేసింది.

రిటైరై అయిదేళ్ళయ్యాక ఒకరోజు శ్రీలలిత అనే అమ్మాయి ఫోన్ చేసింది. నల్లకుంటలో రూము తీసుకుని యూనివర్సిటీలో అద్దె నవలల మీద పరిశోధన చేస్తోందట. లక్ష్మయ్య పోయాక షాపు ఖాళీ చేస్తుంటే, ఆయన కూతురు తూకానికి వేయకుండా పుస్తకాలన్నీ సంచుల్లో కట్టి ఈ పిల్లకిచ్చింది. "సార్, మీవి మొత్తం పందొమ్మిది ఉన్నాయి. ఒకసారి డిపార్ట్‌మెంట్‌కి రాగలరా?" అంది. సుబ్బరాయుడు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తలకు రంగు వేసుకుందామా అని కూడా ఆలోచించి, భాగ్యలక్ష్మి చూపు చూసి మానుకున్నాడు.

క్యాంపస్ ఆయనకు కొత్తేం కాదు. రోజూ పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచి వస్తాడు. అయినా ఆ రోజు పొడుగాటి బల్ల మీద తన పుస్తకాలన్నీ వరసగా పేర్చి ఉంటే, పలకరింపులు కూడా మరిచి కుర్చీ లాక్కున్నాడు. చిరిగిన అట్టలు, లక్ష్మయ్య అంటించిన నంబర్లు, ఎవరో చాయ్ గ్లాసు పెట్టిన గుండ్రటి మరకలు. 'ఏడో నంబరు బీరువా' నవల అట్ట మీద అప్పటి ధర చూసి నవ్వొచ్చింది.

"సార్, ఈ పెన్సిల్ మార్క్స్ చూశారా?" అంది శ్రీలలిత.

"చూడకుండా ఎట్లుంటానమ్మా. నా పాలిట శని అది."

"నేనొక లిస్ట్ వేశాను సార్. మొదటి నాలుగు నవలల్లో ఈ రీడర్ చెప్పింది ఒక్కటీ కరెక్ట్ కాదు. అయిదో దాని నుంచి అన్నీ కరెక్టే. మధ్యలో మీరు రాసే పద్ధతి ఏమైనా మార్చారా?"

మొదటి నాలుగూ తప్పని సుబ్బరాయుడికి ఇప్పటిదాకా తెలియదు. లక్ష్మయ్య చూపించింది ఆ తర్వాతి వాటినే. ఆయన నాలుగోదాన్ని, అయిదోదాన్ని పక్కపక్కన పెట్టుకుని ఆ టిక్కుల్ని చూశాడు. టిక్కు, కింద అడ్డగీత. అన్ని పుస్తకాలూ ఒకేచోట పరిచి ఉంటే, అన్నేళ్ళు కళ్ళెదుటే ఉన్నది అప్పుడు కనపడింది.

స్టేషన్‌లో ప్రతి ఉదయం ఫైరింజన్ డ్రైవర్ ఒక కాగితం నింపేవాడు. నీళ్ళ ట్యాంకు, డీజిల్, బ్యాటరీ, పంపు. చూశాను అనడానికి టిక్కు. చూడటమే కాదు, చేత్తో తిప్పి పరీక్షించాను అనడానికి దాని కింద ఒక గీత. గీత పెట్టమని రూలేం లేదు. అది రాజలింగం ఒక్కడి అలవాటు. ఆ కాగితం మీద ఇరవై ఏళ్ళు రోజూ సంతకం చేసింది లీడింగ్ ఫైర్‌మన్ సుబ్బరాయుడే.

రాజలింగమా? నాలుగో తరగతి దాటని మనిషి. "నాకు సదువు రాదు సార్, బొమ్మ చూస్త" అని నవల అట్ట మాత్రం తిరగేసి ఇచ్చేసేవాడు. "ఈసారి ఎవడు సచ్చిండు సార్?" అన్న ఒక్క ప్రశ్న తప్ప వేరే మాట అడిగేవాడు కాదు.

మర్నాడే సుబ్బరాయుడు బౌద్ధనగర్ వెళ్ళాడు. రాజలింగం కూతురింట్లో, ముందు గదిలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది మసక. సుబ్బరాయుడు కూర్చోకుండానే 'ఏడో నంబరు బీరువా' తెరిచి ఆయన ముందు పెట్టాడు.

"ఇదేందన్నా?"

రాజలింగం పుస్తకాన్ని కంటికి ఆనించి చూసి, మెల్లగా నవ్వాడు. "దొరికిపోయిన్నా సార్?"

"సదువు రాదంటివి కదప్పా."

"నీ బుక్కుల మీదనే నేర్చుకున్న. ఒక్కటి సదవాలంటే నెల పట్టేది. నువ్వు లోపలికి పోతవు, నేను పంపు కాడనే ఉండాలె. బండి మీద ఇంక ఏం పని ఉంటది? తెలిస్తే నవ్వుతవని చెప్పలే."

"సరే, సగంలోనే ఎట్ల పట్టుకుంటివి? అది చెప్పు ముందు."

"అండ్ల ఏమున్నది సార్. నీ కథల్ల మంచోళ్ళంత తలుపు కాడ కూసుంటరు. పార్టీ అయినా, ఆఫీసయినా, ఎవరు యాడున్నరో మొత్తం రాస్తవు కద. ఎవనికైతే బయటికి దారి లేదో, వాడే దొంగ. అయిదో బుక్కు కాడి నుంచి గిట్లనే."

సుబ్బరాయుడు ఇంటికొచ్చి పుస్తకాలన్నీ తిరగేశాడు. ఒక్కటి కూడా తప్పలేదు. విధవరాలు వరండాలో, పనిమనిషి గుమ్మం దగ్గర, పిల్లలు మెట్ల మీద. హంతకుడు మాత్రం ఎప్పుడూ లోపలి మూల. తన చేతులే తనకు తెలియకుండా అంత పని చేశాయి. నాలుగో నవలకూ అయిదో నవలకూ మధ్య ఏం జరిగిందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఎనభై తొమ్మిది ఎండాకాలం, కాచిగూడలో ఒక లాడ్జి. ఆ ఆలోచనను అక్కడే ఆపేసి, భోజనానికి లేచాడు.

ఆపేశాడు గానీ, పాత కోరిక మాత్రం లేచి కూర్చుంది. కిటుకు తెలిసిపోయింది కదా, ఇప్పుడు రాస్తే? భాగ్యలక్ష్మి అటక మీంచి ఖాళీ ఫారాలు దింపింది. ఇరవై ఆరేళ్ళ తర్వాత సుబ్బరాయుడు ఇరవయ్యో నవల మొదలుపెట్టాడు. వాన కురుస్తున్న పాత బంగళా, ఏడుగురు మనుషులు, ఒక హత్య. ఈసారి అసలు దొంగైన మేనేజర్‌ను తెచ్చి ముందు వాకిలి పక్కన పడక్కుర్చీలో కూర్చోబెట్టాడు. ఏ పాపమూ తెలియని గుమాస్తా కేశవులు అనే ముసలాయన్ను కిటికీ లేని లోపలి గదిలో పెట్టాడు. రాస్తుంటే చెయ్యి మొరాయించింది. రెండుసార్లు ఆ గదికి కిటికీ పెట్టేసి, తర్వాత చూసుకుని కొట్టేశాడు.

రాజలింగం కళ్ళు చదవడానికి పనికిరావు. అందుకని ఆదివారం పొద్దున్నే కూతురు ఆయన్ను ఆటోలో క్యాంపస్‌లో దింపిపోయేది. చెట్ల కింద ఒక సిమెంటు బెంచీ మీద ఇద్దరూ కూర్చునేవాళ్ళు. సుబ్బరాయుడు వారానికి రెండు అధ్యాయాలు చదివేవాడు. రాజలింగం చొక్కా జేబులో పెన్సిల్ ఉండేది. ఒక్కోసారి శ్రీలలిత ఫ్లాస్కులో టీ తెచ్చి, ఇద్దరికీ పోసి, తనూ కింద గట్టు మీద కూర్చుని వినేది.

నాలుగో అధ్యాయం అయ్యాక రాజలింగం అడిగాడు. "గా ముసలాయన ఇంక లోపలి రూములనే ఉన్నడా?"

"ఉన్నాడన్నా." సుబ్బరాయుడు లోలోపల చేతులు రుద్దుకున్నాడు. గాలానికి చేప తగిలిందనుకున్నాడు.

ఆరో అధ్యాయం తర్వాత అదే ప్రశ్న. ఎనిమిదో అధ్యాయం తర్వాత మళ్ళీ అదే. పదోదయ్యాక సుబ్బరాయుడు ఇక ఆగలేక, కాగితాలు ఆయన ఒళ్ళో పెట్టాడు.

"పెట్టన్నా పెన్సిలు. దొంగ ఎవరో చెప్పు."

రాజలింగం పెన్సిల్ తీయలేదు. "దొంగ యాడికి పోతడు సార్, తర్వాత పట్టుకుందువు. ముందుగాల ఆ ముసలాయన్ను ఎవరు తీస్కొస్తరు?"

"ఎక్కణ్ణించి తెచ్చేదప్పా? ఆడ మంటేం లేదు. ఊరికే కూచోనుండాడు."

"మంట లేకుంటే ఏంది. దారి లేదు కద."

ముప్పై ఆరేళ్ళలో ఆ ఇద్దరూ ఒక్కసారి కూడా మాట్లాడుకోని సంగతి వచ్చి బెంచీ మీద ఇద్దరి మధ్యా కూర్చుంది.

ఎనభై తొమ్మిదిలో ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలు. కాచిగూడ లాడ్జి మూడో అంతస్తు అంటుకుంది. సుబ్బరాయుడు రెండుసార్లు లోపలికి వెళ్ళి అయిదుగుర్ని తెచ్చాడు. కూతురి సర్టిఫికెట్ కోసం యూనివర్సిటీకి వచ్చి, ఆ లాడ్జిలో దిగిన ముసలాయన ఒకడు కిటికీ లేని లోపలి గదిలో ఉండిపోయాడు. మూడోసారి వెళ్ళినప్పుడు తలుపు బాదుతున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. అప్పుడే పైకప్పు పెచ్చులు విరిగి పడి దారి మూసుకుపోయింది. వెనక్కి రమ్మని ఆర్డరు. సాయంత్రం స్టేషన్ ఆవరణలో ఇద్దరూ గొట్టాలు కడిగి ఆరేశారు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు ఒకే బండి మీద తిరిగారు.

"ఆ తలుపుకు ఆరు అడుగులన్నా" అన్నాడు సుబ్బరాయుడు. "ఆరే అడుగులు."

"ఎరికే సార్. నువ్వు ఒక్కనివే దిగుతుంటె చూసిన. పంపు ఇడిచిపెట్టి నేను గూడ ఉరుకుదామనుకున్న. నేను ఇడిస్తే నీ చేతుల నీళ్ళు బంద్ అయితయ్. అందుకే గాడనే నిలబడ్డ." రాజలింగం ఒళ్ళోని కాగితాలు సర్దాడు. "ఇప్పటికీ నిద్రల పంపు కాడనే ఉంట."

శ్రీలలిత టీ పోయడం ఆపి, ఫ్లాస్కు మూత బిగించి, లైబ్రరీ వైపు నడిచి వెళ్ళిపోయింది. తెలివైన పిల్ల.

సుబ్బరాయుడు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. తన పందెం కోసం ఒక అమాయకుణ్ణి పది అధ్యాయాలు ఆ గదిలో పడేశాడు. పడేసినవాడు మళ్ళీ తీసే ఆలోచన కూడా చేయలేదు. కథ అయిపోయాక కేశవులు ఏమయ్యాడో ఆయన కాగితాల్లో ఎక్కడా లేదు. సిగ్గేసింది ఆయనకు.

"రాస్తానన్నా. తెచ్చేస్తా ఆయన్ను."

"ఒక్కనివే పోకు. ఈ పాలి నేను గూడ లోపలికొస్త. గట్ల రాయి."

ఆ వారం సుబ్బరాయుడు రాసిన పదకొండో అధ్యాయం డిటెక్టివ్ నవలకు బొత్తిగా అక్కర్లేనిది. ఏ ప్రచురణకర్త అయినా కొట్టిపారేసేవాడు. అందులో వామన్ పరిశోధన పక్కన పెడతాడు. పది అధ్యాయాలుగా వానలో, జీపులో, పేరు కూడా లేకుండా ఎదురుచూస్తున్న డ్రైవర్ కిందికి దిగుతాడు. "బండి?" అంటాడు వామన్. "బండి యాడికీ పోదు సార్" అంటాడు డ్రైవర్. ఇద్దరూ ఆ పొడుగాటి వసారా దాటి లోపలికి వెళతారు. బిగుసుకుపోయిన తలుపు దగ్గర చివరి ఆరు అడుగులూ సుబ్బరాయుడు ఒక్కొక్క అడుగే రాశాడు. ఆరింటికీ పేజీన్నర పట్టింది. తలుపు ఊడబెరుకుతారు. కేశవుల్ని చెరో పక్కనా పట్టుకుని తెచ్చి, ముందు వాకిలి పక్కన, గాలి తగిలేచోట కూర్చోబెట్టి, చేతికి టీ ఇస్తారు. ముసలాయన టీ తాగి, "మా అమ్మాయి ఎదురుచూస్తా ఉంటుంది నాయనా, పోయొస్తా" అంటాడు. వాన తగ్గాక బస్సెక్కి వెళ్ళిపోతాడు. అంతే, ఆ అధ్యాయంలో ఇంకేం జరగదు.

ఆదివారం అది చదివి వినిపించాడు. రాజలింగం కదలకుండా విన్నాడు. "ఆ తలుపు కాడిది ఇంకోసారి" అన్నాడు. చదివాడు. "ఇంకోసారి సార్." సుబ్బరాయుడు మళ్ళీ మొదటి అడుగు నుంచి ఎత్తుకున్నాడు. అక్షరాలు కూడబలుక్కుంటూ నెలకొక పుస్తకం చదివిన మనిషి కోసం, ఆయన కూడా అంత మెల్లగానే చదివాడు.

అప్పుడు రాజలింగం పెన్సిల్ తీశాడు. కాగితాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుని, కేశవులు అన్న పేరును వేలితో వెతికి పట్టుకుని, పక్కన టిక్కు పెట్టాడు. దాని కింద ఒక గీత గీశాడు.

మరో రెండు ఆదివారాలకు నవల అయిపోయింది. దొంగ మేనేజరని తేలాక రాజలింగం గడ్డం గోక్కున్నాడు. "తలుపు కాడ కూసున్నోడా? నేను ఆ డాక్టరనుకున్న" అన్నాడు. కూతురు ఆటో తెచ్చింది. సుబ్బరాయుడు ఆయన్ను చెయ్యి పట్టుకుని ఎక్కించి, చొక్కా అంచు చక్రంలో పడకుండా లోపలికి సర్ది, వచ్చే ఆదివారం కూడా రమ్మని చెప్పాడు. చదవడానికి ఏమీ మిగలలేదని ఇద్దరికీ తెలుసు. అయినా రాజలింగం వస్తానన్నాడు.

సుబ్బరాయుడు నడుచుకుంటూ గేటు దాటి, మెట్రో స్తంభాల కింద రోడ్డు దాటి, ఇంటికొచ్చాడు. భాగ్యలక్ష్మి ఉప్మా పెట్టి ఎదురుగా కూర్చుంది.

"మరి ఏమైందండీ పందెం? ఈసారన్నా తప్పిందా పెన్సిలు?"

సుబ్బరాయుడు చెంచా ఆపాడు. ముప్పై అయిదేళ్ళ కోరిక పొద్దున తొమ్మిది గంటలకు బెంచీ మీద తీరిపోయిందని, తను గమనించనేలేదని అప్పుడు తట్టింది.

"లేదు" అన్నాడు. "సరిగ్గానే పెట్టినాడు."